దక్షిణం వైపు తలుపు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. సీతారామాంజనేయులు పెళ్లయితే చేసుకున్నాడు గానీ, ఇల్లు కట్టే యోగం ఇంకా పట్టలేదు. పోర్టులో డ్రాయింగ్ ఆఫీసు ఉద్యోగం, ఫిషింగ్ హార్బరు వెనక సందులో మేడ మీద రెండు గదుల అద్దె కొంప. ఆ ముచ్చట ఇంకోలా తీర్చుకునేవాడు. ఓడల్లో వచ్చే విదేశీ డబ్బాలు కొని, వాటిలోని సన్నటి చెక్కముక్కల్ని పట్టకారుతో పట్టుకుని, ఫెవికాల్‌తో అంటించి, చేటలో పట్టేంత ఇళ్లు కట్టేవాడు. వేలి గోరంత కుర్చీ, పెసరగింజంత చెంబు. పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది వీడి వ్యవహారం అని ఆఫీసులో నవ్వుకునేవాళ్లు.

ఆ ఏడాది, అంటే రెండువేల మూడులో, ఆ పిచ్చికి ఒక ప్రయోజనం కూడా దొరికింది. భార్య అలేఖ్యకి ఏడో నెల. అంతకుముందు రెండుసార్లు అయిదో నెలలోనే పోయాయి. ఈసారి మంచం దిగొద్దని, ప్రయాణం మాటే ఎత్తొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. దాంతో పాలకొల్లు పుట్టింటికి పంపడం కుదరలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే అతను మంచం పక్కన స్టూలు వేసి, దాని మీద ఇల్లు కట్టేవాడు. ఆమె దోమతెరలో ఎడమవైపు తిరిగి పడుకుని, కాగితం చూసి ముక్కల నంబర్లు చదివేది. తలగడ పక్కన రెండు గిన్నెలు, పది చింతపిక్కలు. బిడ్డ కదిలినప్పుడల్లా ఒక పిక్క ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి వేయాలి. రోజుకి పది పడాలి, పడకపోతే వెంటనే ఆసుపత్రికి రావాలి. అది కూడా డాక్టరమ్మ మాటే.

ఈసారి డబ్బా తెచ్చింది నాగబాబు. పోర్టు లాంచీ మీద పనిచేస్తూ, బయట లంగరేసిన ఓడల దగ్గరికి తిరుగుతుంటాడు.

"ఓడలో వంటోడు ఇచ్చేసినాడు బావా. డబ్బులు కూడా ఒద్దన్నాడు. వదిలితే సాలన్నట్టు సేతిలో ఎట్టేసి ఎలిపోనాడు," అని నవ్వాడు నాగబాబు.

మూత మీద తెలియని లిపి, రెండు గదుల ఇంటి బొమ్మ. లోపల ముక్కలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్క గోడ మాత్రం ఎవరో ముందే నిలబెట్టేశారు. దాని తలుపు సగం తెరిచి, అలాగే కదలకుండా జిగురు పోసి బిగించారు. ఒకసారి కాదు, ఆరిన జిగురు మీద మళ్లీ మళ్లీ పోసినట్టు పసుప్పచ్చగా గడ్డకట్టి ఉంది. పనితనం తెలియని వెధవెవడో చేశాడనుకుని సీతారామాంజనేయులు చిరాకుపడ్డాడు.

పదిహేను రోజుల్లో గోడలు లేచాయి. చిక్కు వచ్చింది వాకిలి దగ్గర. ప్లాను కాగితం మీద ఉత్తరం గుర్తుగా బాణం వేసి ఉంది. ఆ లెక్కన తలుపు సరిగ్గా దక్షిణానికి ఉంది.

"ఇంటిని ఇటు తిప్పి పెడితే సరిపోతుంది కదండీ?" అంది అలేఖ్య.

"తిప్పితే డ్రాయింగ్ మారుతుందా? బాణం ఎటుంటే అటే ఉత్తరం," అన్నాడతను. పదేళ్లుగా డ్రాయింగ్ బల్ల ముందు కూర్చున్నవాడు మరి! తిప్పిన కాగితం మీద కూడా బాణమే చూస్తాడు గానీ కిటికీలోంచి సూర్యుణ్ణి చూడడు.

నవంబరులో ఒక ఆదివారం. బంగాళాఖాతంలో వాయుగుండం, పొద్దుటి నుంచి ముసురు. బ్లేడుతో ఆ జిగురంతా గీకేసి, తలుపు మూశాడు. బయట సన్నటి చెక్క అడ్డం పెట్టి, రంపంపొట్టు కలిపిన ఫెవికాల్‌తో లప్పం పెట్టి, అక్కడ తలుపుండేదన్న ఆనవాలు లేకుండా చేశాడు. తూర్పు గోడకి కొత్త వాకిలి కోశాడు. ద్వారబంధం నిలబెడుతుంటే అలేఖ్య, "ముహూర్తం చూశారా, ఊరికే ఎత్తేస్తున్నారా?" అని వేళాకోళం చేసింది. ఆమె అలా నవ్వి ఎన్ని నెలలైందో! ఆ నవ్వు కోసం అతను ఇంకాస్త రెచ్చిపోయాడు. పంటిపుల్లతో గడపకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాడు. దారానికి తులసాకు ముక్కలు గుచ్చి తోరణం కట్టాడు. కొబ్బరికాయకి బదులు ఒక వేరుశనక్కాయ కొట్టాడు. పొట్ట పట్టుకుని నవ్వింది అలేఖ్య.

అప్పటికి మధ్యాహ్నం పన్నెండు. గిన్నెలో నాలుగు పిక్కలు పడి ఉన్నాయి.

అయిదింటికి ఇంటి ఓనరు అప్పాయమ్మ చేపల పులుసు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. వేటకి పోయే కొడుకు గురువులుతో కలిసి కింద వాటాలో ఉంటుంది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. గిన్నె కింద పెట్టబోతూ స్టూలు వైపు చూసి, అలాగే ఆగిపోయింది.

"ఏటి బాబూ ఇది?"

"బొమ్మిల్లండీ మామ్మగారూ."

"పసుపెవులెట్టారు?"

"నేనేనండీ. సరదాకి."

అప్పాయమ్మ నవ్వలేదు. "బొమ్మగా ఉన్నన్నాళ్లు బొమ్మే బాబూ. గడపకి పసుపెట్టినాక ఇల్లే. కడుపుతో ఉన్న పిల్లున్నకాడ మొగుడు ఇల్లెత్తుతాడేటి? మీ గోదారోలికి తెల్దా?"

"అయితే ఇప్పుడే విప్పేస్తాను లెండి."

"అమ్మో! ఎత్తడం ఒక తప్పు, ఎత్తినాక పడగొట్టడం ఇంకో తప్పు. పురుడయ్యేదాకా అలా ఒగ్గేయ్. ముట్టుకోకు." అలేఖ్య వైపు తిరిగి గొంతు తగ్గించింది. "పిల్ల కదుల్తందా అమ్మా?"

అలేఖ్య గిన్నె వైపు చూసింది. నాలుగు పిక్కలే. మధ్యాహ్నం నుంచి ఒక్కటీ పడలేదు. నవ్వుల్లో పడి మర్చిపోయింది.

పంచదార నీళ్లు తాగించారు. పక్కకి తిప్పి పడుకోబెట్టారు. అరగంట, గంట... కదలిక లేదు. కింద అప్పాయమ్మ ఇంట్లో ఫోను ఎత్తితే చప్పుడు లేదు, లైను పోయింది. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. గురువులు లుంగీ ఎగ్గట్టి ఆటో కోసం పరుగెత్తాడు. అప్పాయమ్మ దీపం పెట్టి గంగమ్మకి మొక్కుకోడానికి కిందికి దిగింది. ఆమె చివరి మెట్టు దిగిందో లేదో, కరెంటు పోయింది.

గది చిమ్మచీకటైంది.

ఒక్క బొమ్మింట్లో తప్ప. పెన్సిల్ సెల్లుతో వెలిగే బియ్యపుగింజంత బల్బు అందులో ఎప్పుడో బిగించాడు. స్విచ్ వేసిన గుర్తు లేదు. అది వెలుగుతోంది. పచ్చటి వెలుతురు చిన్న కిటికీలోంచి దోమతెర మీద పడుతోంది.

బయట వాన చప్పుడు, హార్బరులో పడవలు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు. వాటి మధ్య ఇంకో చప్పుడు.

టక్... టక్...

చెమ్మకి చెక్క ఉబ్బుతోందనుకున్నాడు. ఉబ్బే చెక్క అలా ఆగి, మళ్లీ కొట్టదు.

టక్... టక్... టక్...

"ఏవండీ..." అలేఖ్య గుసగుసలాడింది. "ఆ చప్పుడు... ఆ ఇంట్లోంచే కదా?"

అతను వంగి చూశాడు. ఏళ్ల తరబడి తాళం వేసి ఉంచిన ఇంటి తలుపు తీస్తే వచ్చే వాసన. తడిసిన సున్నం, ముక్కిన గుడ్డలు. కొత్త చెక్క, ఫెవికాల్ వాసన ఏమైపోయిందో! కిటికీకి ఒక కన్ను ఆనించి చూశాడు. కుర్చీ ఉంది. చెంబు ఉంది. గదిలో ఎవరూ లేరు.

అంతలో వెలుతురుకి ఏదో అడ్డం వచ్చింది. కిటికీ నల్లబడింది. మళ్లీ వెలిగింది.

లోపల ఎవరో బల్బు ముందు నుంచి నడిచి వెళ్లారు.

అతను వెనక్కి పడబోయి మంచం కోడు పట్టుకున్నాడు. దక్షిణపు గోడ దగ్గర చప్పుడు మొదలైంది. తూర్పున కొత్త వాకిలి బార్లా తెరిచే ఉంది, పసుపు గడపతో, తులసాకు తోరణంతో. అటు రాలేదు అది. మూసేసిన చోటే కొడుతోంది.

టక్. టక్. టక్. టక్.

"అబ్బా..." అలేఖ్య పొట్ట పట్టుకుంది. "అది కొట్టినప్పుడల్లా లోపల బిగుసుకుపోతోందండీ. రాయిలా... చూడండి."

దోమతెరలో చెయ్యి పెట్టి చూశాడు. నిజమే. చప్పుడుకి ఒకసారి బిగుస్తోంది. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య వదులవడం తగ్గిపోతోంది.

ఒక్క గుద్దు చాలు, ఇల్లు నుగ్గయిపోతుంది. చెయ్యి ఎత్తాడు.

"వద్దు! పడగొట్టకండి. మామ్మగారు చెప్పారు."

"మరేం చెయ్యమంటావు?"

ఆమె ఏడుస్తోంది. "ఎలా ఉన్న ఇంటిని అలా ఉండనివ్వక... ఆ తలుపు తీసెయ్యండి. ఎవరో బయటికి పోవాలనుకుంటున్నారు. పోనివ్వండి."

చీకట్లో తడిమి బ్లేడు పట్టుకున్నాడు. వెంట్రుకవాసి తేడా రాకుండా గీతలు గీసే చేతులవి. లప్పం మీద అడ్డదిడ్డంగా గీరాడు. ఇంకా పచ్చిగానే ఉంది, ముద్దలుగా ఊడొచ్చింది. వేలు తెగింది. పట్టించుకోలేదు. అడ్డం పెట్టిన చెక్క ఒక పక్క లేచింది.

చప్పుడు ఆగింది.

అవతల ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు నిశ్శబ్దం. వాన కూడా వినపడలేదు.

చెక్క ఊడి కింద పడింది. తలుపుని అతను ముట్టుకోలేదు. అదే తెరుచుకుంది. సగం వరకే... డబ్బాలో వచ్చినప్పుడు ఎంత తెరిచి ఉందో అంతే. అతని మణికట్టు మీదుగా చల్లటిది ఏదో జారిపోయింది. తడి అంటలేదు. బల్బు ఆరిపోయింది.

కిటికీలు మూసే ఉన్నాయి. అయినా మంచం మీద దోమతెర అంచు, అలేఖ్య నడుము దగ్గర, జానెడు పైకి లేచింది. లేచి... మెల్లగా కిందికి దిగింది.

"అలేఖ్యా?"

అగ్గిపుల్ల గీశాడు. ఆరిపోయింది. ఇంకోటి గీశాడు. ఆ వెలుతురులో భార్య మొహం కనిపించింది. కళ్లు పెద్దవి చేసుకుని... నవ్వుతోంది.

"కదిలిందండీ! తన్నింది! ఇదిగో మళ్లీ!"

అగ్గిపుల్ల వేలిదాకా కాలినా అతనికి తెలియలేదు. స్టూలు పక్క నుంచి దోమతెరలోకి దూరి ఆమె పక్కన కూలబడ్డాడు. ముప్ఫై అయిదేళ్ల మగాడు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఈ పాడు సరదా జన్మలో మళ్లీ జోలికి పోనని ఒట్టేశాడు. ఆమె అతని జుట్టు నిమిరింది. కింద సందులో ఆటో హారన్ వినిపించింది. నీళ్లలో నడిచి వస్తూ గురువులు, "దొరికినాది బాబూ! అమ్మగార్ని నెమ్మదిగా దింపండి!" అని కేకేస్తున్నాడు.

"ఆటో ఇక అక్కర్లేదేమో," అన్నాడతను కళ్లు తుడుచుకుంటూ.

"ఒక్క నిమిషం." అలేఖ్య అతని కుడిచేతిని తీసుకుని పొట్ట మీద కుడివైపు పెట్టింది. చిన్న మడమ గట్టిగా తన్నింది. అతని ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ఆమె అతని రెండో చేతిని తీసుకుంది. ఎడమవైపు, కింద, నడుము దగ్గర పెట్టింది. ఆమె వేళ్లు మంచులా ఉన్నాయి.

"మరి ఇది?"

అక్కడ తన్నడం లేదు. కొత్తగా దిగిన ఇంట్లో కరెంటు పోతే, గోడ పట్టుకుని స్విచ్ ఎక్కడుందో వెతుక్కునే మనిషిలా... ఆగి ఆగి... లోపలి నుంచి ఏదో తడుముతోంది.

"స్కానింగులో ఒక్కరే అన్నారు కదండీ?" అంది అలేఖ్య.

"ఒక్కరే," అన్నాడతను.

ఆ మాటకి తడమడం ఆగింది. ఆటో హారన్ మళ్లీ మోగింది. అతని కుడిచేతి కింద బిడ్డ మెల్లగా ముడుచుకుని, పక్కకి జరిగి, చోటిచ్చింది.