చరణ్ పెట్టిన ఆప్షన్

సూర్యాపేట హైవే మీది ఆ హోటల్లో పదకొండు గంటలకు కూడా టేబుల్ ఖాళీ దొరకదు. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే బస్సుల్లో సగం అక్కడే ఆగుతాయి. అంత గోలలో ఒక రహస్యం చేతులు మారుతుందని ఎవరూ అనుకోరని నిఘా బ్యూరో చీఫ్ నమ్మకం.

మూల టేబుల్ దగ్గర ఏజెంట్ నవనీత ఇడ్లీ తింటోంది. నలభై రెండేళ్లు, నూలు చీర, పక్కన ఇన్సూరెన్స్ ఫారాల సంచి. ఎవరు చూసినా పాలసీలు కట్టించుకునే ఆవిడ అనుకుని ముఖం తిప్పుకోవాల్సిందే. ఆమె చేతి గాజుల్లో ఒకటి ట్రాన్స్‌మిటర్. సాంబారు తగిలితే పనిచేయదని ఇచ్చిన రోజే చెప్పారు కాబట్టి, పాపం, చట్నీతోనే సరిపెట్టుకుంటోంది.

ఇంతలో మెరూన్ పట్టుచీర, నల్ల కళ్లద్దాలతో ఒకామె లోపలికి వచ్చింది. హోటల్ మొత్తం తల తిప్పి చూసింది. గూఢచారి అన్నాక కంటికి ఆనకూడదంటారు. ఈవిడకు ఆ పాఠం ఎవరూ చెప్పినట్టు లేరు.

"మూసీ నీళ్లు ఎటు పోతయ్?" తలెత్తకుండా అడిగింది నవనీత.

"కృష్ణనే అడగాలి," అంటూ ఎదురుగా కూర్చుంది వచ్చినామె.

కోడ్ కలిసింది. బ్యూరో ఫైళ్లలో ఈమె పేరు పావురం. ఏ దేశపు మనిషో బ్యూరోకే సరిగా తెలియదు. తెలుగు మాత్రం బెజవాడలో పుట్టినట్టు మాట్లాడుతుంది. ఒక విదేశీ ముఠాకు మూడేళ్లు పనిచేసి, నెల క్రితం తనంతట తానే బ్యూరోకు కబురు పెట్టింది.

"మంద అని ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీ. కోదాడలో పరశురాములు అనే ఆయన రాశాడు. కరెంటు గ్రిడ్ కంప్యూటర్లన్నీ దాని మీదే నడుస్తాయి," పావురం గొంతు తగ్గించింది. "అందులో ఫాస్ట్ వేక్ అని ఒక బిల్డ్ ఆప్షన్ ఉంది. డిఫాల్ట్‌గా ఆన్. దాన్ని ఆన్‌లో పెట్టి బిల్డ్ చేస్తే, అంటే ప్యాకేజీ తయారుచేస్తే, మా వాళ్లకు తలుపు తెరిచినట్టే. ఇవాళ నాలుగింటికి కొత్త వెర్షన్ వెళ్తుంది. నాలుగున్నరకు దక్షిణాది మొత్తం కరెంటు పోతుంది. ఆసుపత్రులు కూడా."

"రిలీజ్ ఆపేస్తే?"

"ఆపితే గ్రిడ్ కంప్యూటర్లు నకలు ఉండే మిర్రర్ సర్వర్‌కు వెళ్తాయి. అది మా వాళ్ల చేతిలోనే ఉంది. గ్రిడ్‌కు ఫోన్ చేసినా లాభం లేదు, లోపల మా మనిషున్నాడు. నాలుగింటికి మంచి ప్యాకేజీ వెళ్లడం ఒక్కటే దారి. బిల్డ్ మెషీన్ మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఉంది. దాని పాస్‌వర్డ్ పరశురాములుకు తప్ప ఎవరికీ తెలియదు."

"ఆ ఆప్షన్ పెట్టింది..."

"నేనే. చరణ్ అనే కుర్రాడి పేరుతో. మూడేళ్లుగా ఆన్‌లైన్‌లో ఆయనకు తోడుగా రాస్తున్నాను." పావురం కళ్లద్దాలు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒక ఫోన్ టేబుల్ మీదకు తోసింది. "చరణ్ ఇందులో ఉన్నాడు. పరశురాములుని ఒక్కసారి చూడనివ్వండి. ఇంకేమీ అడగను. వాళ్లమ్మ పోయినప్పుడు నాకు నాలుగు పేజీలు రాశాడు. నేను ఏడ్చాను. నా ట్రైనింగ్‌లో అది లేదు."

హోటల్ కుర్రాడు తెచ్చిపెట్టిన చాయ్ ఆమె రెండు గుక్కలు తాగింది. మూడో గుక్కకు గ్లాసు చేజారింది. నవనీత లేచి పట్టుకునేలోపు పక్కకు ఒరిగిపోయింది. చాయ్ తెచ్చినవాడు వెనక గుమ్మంలోంచి ఎప్పుడో మాయమయ్యాడు.

"ఆయనకు చెప్పకండి," అంది పావురం. అవే ఆఖరి మాటలు.

"పదకొండు ఇరవై," చెవిలో చీఫ్ గొంతు. "మనవాళ్లు వస్తున్నారు, ఆమెను చూసుకుంటారు. నువ్వు కోదాడ కదులు."

నవనీత కారు కోదాడ వైపు తిప్పింది. చరణ్, పరశురాములు ఒకరికొకరు రాసుకున్న ప్రతి అక్షరం మూడేళ్లుగా ఆమె చదువుతోంది. గ్రిడ్ సాఫ్ట్‌వేర్ మీద నిఘా ఆమె డ్యూటీ. తల్లి సరోజన పోయిన రోజు పరశురాములు రాసిన నాలుగు పేజీలనూ చదివింది. చదివి, ఫైలు నంబరు వేసి, పక్కన పెట్టింది. ఒంటరి మనిషిని ఇద్దరు గూఢచారులు కాపు కాశారు. అయ్యో అన్నది మాత్రం శత్రువే. ఆ సంగతి తలచుకుంటే ఆమెకు సిగ్గేసింది.

కోదాడ డయాలసిస్ సెంటర్‌లో పరశురాములు కుర్చీలో వాలి ఉన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు. ఎడమ చేతికి సూదులు, కుడి చేతి కింద లాప్‌టాప్. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు అదే వరస. ఆ లైబ్రరీలో సగం ఒంటిచేత్తో టైపు చేసిందని దాన్ని వాడే ఇంజనీర్లకు తెలియదు.

"ఎక్కువసేపు మాట్లాడియ్యకున్రి మేడమ్," అంది టెక్నీషియన్ జానమ్మ. "పొద్దటిసంది బీపీ సక్కగ లేదు."

నవనీత కరెంటు బోర్డు సాఫ్ట్‌వేర్ విభాగం నుంచి వచ్చానని చెప్పి, దొంగ కార్డు చూపించింది. "మంద అని ఎందుకు పెట్టిన్రు సార్?" అని మొదలుపెట్టింది. జవాబు ఆమెకు తెలుసు. మూడేళ్లు చదివిన మనిషి గొంతు ఒకసారి వినాలనిపించింది.

"మాది జీవాలు కాసే ఇల్లు మేడమ్, గీ అనంతగిరి పక్కన. ఒక్క కాపరి, నూరు జీవాలు. ఒక్కొక్క దాని పక్కన నిలవడితే అయితదా? నడుమ తిరుక్కుంట ఉండాలె, ఏది అరిస్తే దాని కాడికి పోవాలె. నా మంద కంప్యూటర్ల చేసేది, ఈవెంట్ లూప్ అంటరు, గంతే." నవ్వాడు. "వాడపల్లి దిక్కు సిమెంట్ ఫ్యాక్టరీల కంట్రోల్ రూమ్‌ల చేసిన. ఒకదాంట్ల విండోస్, ఇంకోదాంట్ల లినక్స్. అన్నిట్ల నడిసేది ఒక్కటి కావాలని నేనే రాసుకున్న."

"అందులో ఫాస్ట్ వేక్ ఆప్షన్‌ల బగ్ ఉన్నది సార్. నాలుగింటి రిలీజ్‌ల దాన్ని ఆఫ్ చెయ్యాలె. మీ మెషీన్ పాస్‌వర్డ్ కావాలె."

పరశురాములు నవ్వు ఆగిపోయింది. "అది చరణ్ పెట్టింది. వాన్ని అడగకుంట ముట్టుకోను."

"టైం లేదు సార్."

"మేడమ్, మా నాయిన గట్టయ్య మందను పాలుకు ఇచ్చేటోడు. ఒకరి జీవాలు ఇంకొకరు మేపుతరు, పిల్లలు చెరిసగం. పాలుకిచ్చినంక ఆ మందల ఒక్క గొర్రె మీద చెయ్యెయ్యాలన్నా ఇద్దరి మాట కావాలె. నా కిడ్నీలు ఖరాబైనప్పుడు మందను సూసేటోడు లేకుండె. ఎక్కడ్నో బెంగళూరుల ఉండే పిల్లగాడు, మొఖం గూడ సూడలే, వచ్చి సగం బరువెత్తుకున్నడు. వాడు ఆన్ పెట్టిన్నంటే ఏదో ఉంటది. వానికి చెప్పకుంట తీస్తే నేను మనిషినేనా?"

నీ చరణ్ గూఢచారి, గంట క్రితమే నా కళ్లముందే పోయింది అని ఒక్కమాట అంటే పాస్‌వర్డ్ వస్తుంది. ఆ తర్వాత ఈ కుర్చీలో మిగిలేదేమిటో నవనీతకు బాగా తెలుసు.

"అడగండి అయితే," అని చెప్పి వరండాలోకి వచ్చి పావురం ఫోన్ తీసింది. చరణ్ ఎప్పుడూ హలో అనడు. మొదటి మాట కుర్చీ గురించే. ఆమె టైప్ చేసింది: "అన్నా, ఇవాళ ఏ కుర్చీ దొరికింది?"

వెంటనే జవాబు వచ్చింది. "మూడో నంబర్. కిటికీ పక్కనే. తమ్మీ, గీడ ఒక మేడమ్ నీ ఆప్షన్‌ల బగ్ ఉన్నదంటున్నది."

"నిజమే అన్నా. నా తప్పే. ఆఫ్ చేసెయ్. నన్ను క్షమించు."

తలుపు అద్దంలోంచి చూస్తే పరశురాములు ఒంటివేలితో మెల్లగా కొడుతున్నాడు.

"గింత దానికి క్షమాపణ ఏంది తమ్మీ? తప్పు జెయ్యనోడు ఎవడు? పరేషాన్ గాకు. అన్నం తిన్నవా?"

నవనీత గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ మాట చదవాల్సిన మనిషి సూర్యాపేట మార్చురీలో ఉంది. తిన్నాను అన్నా అని రాసి, కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది.

"సూసిన్రా మేడమ్, ఎట్ల ఒప్పుకున్నడో! మావోడు గట్లనే," అన్నాడు పరశురాములు గర్వంగా. పాస్‌వర్డ్ చెవిలో చెప్పాడు. చిన్నప్పుడు తను కాసిన మూడు గొర్రెల పేర్లు. బొల్లి, కర్రి, సుక్క.

హుజూర్‌నగర్ దాకా కారు బాగానే ఉరికింది. మిర్యాలగూడ దగ్గర పడేసరికి మిల్లులకు ధాన్యం తెచ్చిన లారీలు రోడ్డంతా బారులు తీరి ఉన్నాయి. రెండు గంటలు అక్కడే పోయాయి. ఎలాంటి ముఠా నాయకుడూ వేయలేనంత గట్టి వల అది. నవనీత కారు వదిలేసి, చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తింది. మిల్లు చేరేసరికి మూడు ముప్పై ఎనిమిది.

"రాన్రి, పైన ఉన్నది," అన్నాడు మిల్లు ఎలక్ట్రీషియన్ ఉప్పలయ్య. "పరశురాములుకు నేనే జాగ ఇప్పిచ్చిన. మా జనరేటర్ మీద కరెంటు పోదు. బయటికెల్లి లాగిన్ గూడ పెట్టలే. దొంగలు రావద్దన్నడు."

దొంగలు ముందు గుమ్మంలోంచే వచ్చి, అన్నా అని పిలిచి, లోపల కూర్చున్నారు. నవనీత ఆ సంగతి ఉప్పలయ్యకు చెప్పలేదు.

గదంతా ఊక దుమ్ము. ఆమె పాస్‌వర్డ్ కొట్టి, ఫైల్లో ఫాస్ట్ వేక్ ఎదురుగా ఉన్న ఆన్ తీసి ఆఫ్ పెట్టి, బిల్డ్‌కు ముందు చేసే కాన్ఫిగర్ కమాండ్ నడిపింది. స్క్రీన్ మీద ఆప్షన్ల పట్టీ వచ్చింది. ఫాస్ట్ వేక్: ఆన్.

మళ్లీ నడిపింది. మళ్లీ ఆన్. మూడు నలభై రెండు.

కోదాడకు ఫోన్ కొట్టింది. జానమ్మ ఎత్తింది. "బీపీ పడిపోయింది మేడమ్, మాట్లాడలేడు." వెనకనుంచి సన్నగా పరశురాములు గొంతు: "ఇటియ్యి సెల్లె."

"సార్, ఆఫ్ పెట్టినా ఆన్ అనే చూపిస్తోంది!"

"అది పాతది యాది పెట్టుకుంటది మేడమ్. ఫైల్ల మార్చినా కాష్ అనే ఆ యాదిల ఉన్నదే దానికి లెక్క. ఆ ఒక్కదాన్ని దిద్దినా సాలదు. అది ఆన్ ఉన్నప్పుడు ఇంకొన్నిటిని ఆన్ చేసి పెట్టుకున్నది. బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసెయ్యిన్రి. మొదటికెల్లి చెయ్యాలె." ఊపిరి తీసుకున్నాడు. "కని నేను చేత్తో పెట్టిన ఆప్షన్లన్నీ గా ఫోల్డర్‌లనే ఉన్నయ్. ఎక్కడ రాసి పెట్టలే."

"ఎట్ల మరి?"

"నేను చెప్త. మీరు కొట్టున్రి."

బిల్డ్‌కు తొమ్మిది నిమిషాలు, ప్యాకేజీకి డిజిటల్ సంతకం పడటానికి ఇంకో నిమిషం పడుతుంది. అంటే మూడు యాభైకి మొదలు కావాలి. ఆమె ఫోల్డర్ తీసేసింది. అతను ఒక్కొక్కటే చెప్పాడు.

"షేర్డ్ లైబ్రరీ, ఆన్. టెస్టులు, ఆఫ్. పాత విండోస్ సపోర్ట్, ఆన్. వాడపల్లి ఫ్యాక్టరీల ఇంకా గదే నడుస్తది, తీస్తే ఆ పోరలకు నౌకరీ కష్టమైతది. ముప్పై రెండు బిట్లు, ఆన్. బ్రెజిల్ల ఒక ముసలి సారు అడిగిండు, వాళ్ల బడిల కంప్యూటర్లు పాతయట. మ్యాక్..."

గొంతు ఆగిపోయింది. అటువైపు మెషీన్ బీప్‌లు, జానమ్మ పరుగు వినబడ్డాయి. మూడు నలభై ఏడు. నవనీత ఫోన్‌ను చెవికి నొక్కుకుని నిలబడిపోయింది. గ్రిడ్ సంగతి ఆ నిమిషంలో ఆమెకు గుర్తు లేదు. ఈ మనిషి బతకాలి, అంతే.

"మ్యాక్, ఆన్," అంది ఆ సన్నని గొంతు. "ఇగ ఆఖరుది... చరణ్‌ది. ఆఫ్."

మూడు నలభై తొమ్మిది, యాభై ఐదు సెకన్లు. కాన్ఫిగర్ పట్టీలో ఫాస్ట్ వేక్: ఆఫ్. ఆమె బిల్డ్ మొదలుపెట్టింది. మూడు యాభై తొమ్మిది దాటిన తర్వాత ప్యాకేజీ సంతకం పూర్తయింది. సరిగ్గా నాలుగింటికి గ్రిడ్ కంప్యూటర్లు దాన్ని తీసుకున్నాయి. నాలుగున్నరకు ఎక్కడా ఒక్క ఫ్యాన్ కూడా ఆగలేదు. ఆగకపోయిన సంగతి ఎవరూ గమనించలేదు.

విషం కలిపిన చాయ్‌వాడు టోల్‌గేట్ దగ్గర దొరికాడు. పరశురాములుకు ఐదింటికల్లా బీపీ కుదుటపడింది. మర్నాడు ఉదయం సూర్యాపేట మార్చురీలో ఒక శవానికి ఎవరూ రాకపోతే నవనీతే సంతకం పెట్టింది. చుట్టరికం అన్న గడిలో, పరశురాములుకు అన్నా అని రాసిన చేత్తోనే వదిన అని రాసింది.

"మంచి పని," అన్నాడు చీఫ్ ఫోన్‌లో. "ఆపరేషన్ క్లోజ్. ఆ చరణ్ అకౌంట్ ఇవాళే తీసెయ్."

ఆమె చేతిలో పావురం ఫోన్ మోగింది. "తమ్మీ, నిన్నటిసంది సప్పుడు లేదు. నీ ఆప్షన్ తీసేసిన్నని మనసుల పెట్టుకున్నవా?"

"ఇప్పుడే తీస్తే ముఠాకు అనుమానం వస్తుంది సార్," అంది నవనీత.

"ఎన్నాళ్లు నడపాలంటావ్?"

"చెప్పలేను సార్. ఆయన ఆరోగ్యాన్ని బట్టి."

చీఫ్ నెలనెలా రిపోర్టు పంపమని మాత్రం అన్నాడు.

పంపుతూనే ఉంది. మొన్నటి రిపోర్టులో ఒక్కటే వాక్యం: "శత్రు ఏజెంట్ చరణ్ ఇంకా చురుగ్గానే ఉన్నాడు, ప్రస్తుతం పరశురాములు చేత మామిడికాయ పచ్చడి మాన్పించే కుట్రలో ఉన్నాడు, ఇంతవరకూ ఫలించలేదు."