పెళ్లిచూపుల్లో ఆయిల్ లైటు

అపార్ట్‌మెంట్లో కాపురముండేవాడికి కారు నుంచి నూనె కారడమంత కష్టం ఇంకోటి లేదు. లిఫ్టు ఆగిపోతే మెట్లెక్కుతారు. నీళ్లు రాకపోతే ట్యాంకర్ తెప్పిస్తారు. పార్కింగులో అప్పడమంత నూనె మరక పడితే మాత్రం అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో దాని ఫొటో వస్తుంది. ఫొటో చుట్టూ ఎర్రగీత వస్తుంది. కింద ఇరవై మంది దణ్ణం పెడుతున్న బొమ్మలు పెడతారు.

ఆ మరక తిరుపతిరావుగారి కారుది. కొని పన్నెండేళ్లయింది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. ఆయన కొడుకు మణికుమార్ గవర్నర్‌పేటలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూస్తాడు. ఎదుటివాడు చెప్పేది నిజమో అబద్ధమో తేల్చడం అతని ఉద్యోగం.

"షోరూములో ఇచ్చి రారా" అని తండ్రి పంపిస్తే, మణికుమార్ కారుని ఒక స్నేహితుడి ఇంటి వెనక ఖాళీ స్థలానికి తోలుకెళ్లాడు. పదకొండు నిమిషాల వీడియో చూసి, ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టిని విప్పాడు. దాన్ని సంపు అంటారట. తుడిచి, అంచు చుట్టూ నీలం రంగు సిలికాన్ జిగురు పూసి మళ్లీ బిగించాడు. సన్నటి గీతలా పూయమని వీడియోలో చెప్పారు. అలా పూస్తే సగం ట్యూబు మిగిలింది. మన ఇళ్లలో మిగిలింది పారేసే అలవాటు లేదు. మొత్తం పూశాడు.

మరక ఆగిపోయింది.

"షోరూమ్ షోరూమేరా" అన్నారు తిరుపతిరావుగారు. మణికుమార్ కాదనలేదు. ఇరవై తొమ్మిదేళ్లొచ్చినా ఇంట్లో బల్బు మార్చబోతే "నువ్వాగు, పాడుచేస్తావ్" అనిపించుకునేవాడికి, ఆ మెప్పు షోరూముకి వెళ్లినా కొంచెం తీయగానే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం మైలవరంలో పెళ్లిచూపులు. కొండపల్లి దాటాక డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా నూనె డబ్బా బొమ్మ వెలిగింది.

"అదేంట్రా?" అంది వెనక సీట్లోంచి తల్లి రామతులసి.

"సెన్సారమ్మా."

ఆ మాట తర్వాత మన దేశంలో ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

అమ్మాయి తండ్రి కొండలయ్యకి ఇంటి పక్కనే ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డుంది. అమ్మాయి పేరు సింధూరి. బయోడేటాలో లెక్చరర్ అని ఉంది, ఏ సబ్జెక్టో లేదు. కాఫీలు తెచ్చి బల్ల మీద పెట్టింది. మణికుమార్ తలెత్తి చూశాడు. పెద్ద కళ్లు. ఆ కళ్లు తన భుజం మీదుగా, కిటికీ అవతల ఉన్న కారుని చూస్తున్నాయి. కొంచెం బాధేసింది.

"వచ్చేటప్పుడు లైటు వెలిగిందాండీ?" అంది.

"సెన్సారండి."

"తెలిసి అంటున్నారా, అలా అయితే బాగుండని అంటున్నారా?"

మణికుమార్ కాఫీ తాగాడు. కాలింది.

"పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చెబుతుంది లెండి" అన్నాడు కొండలయ్య, ఏదో జబ్బు సంగతి బయటపెట్టినట్టు. "ఇంజిన్ చప్పుడు తేడాగా ఉంటే ఇక కుదురుగా కూర్చోదు."

అందరూ వాకిట్లోకి వెళ్లారు. సింధూరి పట్టుచీర కొంగు నడుముకి దోపి, బానెట్ ఎత్తి, నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ తీసింది.

"నూనె నిండుగా ఉంది. కొత్తదే. అయితే లైటన్నా తప్పు, ఇంజినన్నా తప్పు. గేజి పెడితే తేలిపోద్ది."

నూనె ఒత్తిడి చూసే స్విచ్చి ఊడదీసి, షెడ్డులోంచి తెచ్చిన గేజి అక్కడ బిగించింది. "స్టార్ట్ చెయ్యండి." చేశాడు. ముల్లు కాస్త లేచి, సున్నా పక్కనే వణుకుతూ నిలబడింది.

"ఆపండాపండి. లైటు నిజమే చెబుతోంది."

వంగి ఇంజిన్ అడుగున వేలితో తడిమింది. వేలికి నీలం ముద్ద అంటుకుంది.

"దీన్ని ఎవరు విప్పారండీ?"

"షోరూములోనమ్మా" అన్నారు తిరుపతిరావుగారు.

సింధూరి మణికుమార్ వైపు తిరిగింది. "షోరూములోనేనా?"

"ఊ" అన్నాడు.

"జిగురు బయటికే ఇంత పొంగిందంటే లోపలికీ పొంగే ఉంటుంది. ఆ ముక్కలు ఊడి, నూనె పీల్చే గొట్టం మూతి దగ్గర జల్లెడకి అడ్డం పడతాయి. కింద ఎంత నూనె ఉన్నా పైకి ఎక్కదు. ఇలాగే ఇంకాస్త దూరం నడిపితే ఇంజిన్ పట్టేసేది."

తిరుపతిరావుగారి మొహం ఎర్రబడింది. "మరియదాసు! పదేళ్లుగా మన బండి చూస్తున్నాడు, కళ్లు మూసుకుని నమ్మాను. ఇప్పుడే మేనేజరుకి చెబుతా. రేపట్నుంచి వాడక్కడ ఉండకూడదు."

ఫోన్ తీసి నొక్కారు.

మణికుమార్‌కి మరియదాసు గుర్తొచ్చాడు. ఎప్పుడెళ్లినా చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నాన్నగారి మోకాలు ఎలా ఉంది బాబూ" అని అడిగే మనిషి. అవతల రింగవుతోంది. నోరు మెదపకపోతే ఈ సంబంధం నిలుస్తుంది. మెదిపితే కుర్రాడు ఇంజిన్లు పాడుచేస్తాడు, పైగా అబద్ధాలాడతాడు అని మైలవరమంతా తెలుస్తుంది. సింధూరి గుడ్డతో వేలు తుడుచుకుంటూ చూస్తోంది, ఈసారి కారుని కాదు. ఆ చూపు కోసమే అతను పొద్దున రెండు చొక్కాలు మార్చాడు. ఇప్పుడు అది తట్టుకోవడం కష్టంగా ఉంది.

"నాన్నా, ఫోన్ పెట్టెయ్యి. నేనే విప్పాను."

"నీకు విప్పడం వచ్చా?"

"విప్పడం వచ్చింది."

"ఎందుకురా?"

"ఇంట్లో ఏదో ఒకటి నా చేత్తో బాగుచేద్దామని."

"ఈ ముక్క మనింట్లోనే చెప్పి ఉండొచ్చు కదరా" అంది రామతులసి నెమ్మదిగా.

అప్పటికే అవతల మేనేజరు హలో హలో అంటున్నాడు. తిరుపతిరావుగారు కొడుకుని చూసి, "ఏం లేదండీ, మరియదాసు కులాసాయేనా అని చేశాను" అని పెట్టేశారు.

కొండలయ్య మణికుమార్ చేతికి స్పానరు ఇచ్చాడు. "నువ్వే విప్పు బాబూ. నీ చేత్తో చేసిన పనేగా."

నూనె చల్లారాక ఇద్దరూ కారు కింద దూరారు. సంపు దిగింది. జల్లెడ నిండా నీలం ముక్కలు.

"దీంతో ఎంత దూరం నడుపుదామనుకున్నారు?" అంది సింధూరి.

"పెళ్లిదాకా."

ఆమె నవ్వు కారు కింద కాబట్టి అతనొక్కడికే కనిపించింది.

"సరే, నాదీ ఒకటుంది. బయోడేటాలో హాబీ ముగ్గులు అని చదివారా? నేను జన్మలో ముగ్గేయలేదు. సబ్జెక్టు పేరుంటే సంబంధాలు రావట్లేదని మా అమ్మ అది తీసేసి ముగ్గులు పెట్టించింది."

"ఆ సబ్జెక్టే రాసుంటే నేను ఈ కారులో వచ్చేవాణ్ణి కాదండి. బస్సెక్కేవాణ్ణి."

జల్లెడ కడిగి, అంచుకి సన్నగా జిగురు పూసి బిగించారు. అది ఆరేదాకా భోజనాలయ్యాయి. కొత్త నూనె పోసి, గేజి తీసి స్విచ్చి మళ్లీ బిగించి స్టార్ట్ చేస్తే లైటు ఆరిపోయింది. తిరుపతిరావుగారు తాళం తీసుకోబోయి, చెయ్యి వెనక్కి లాక్కుని, "నువ్వే నడుపు" అన్నారు. అంతకు మించిన ఆశీర్వాదం ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.

"మాకు ఇష్టమే. ఇక అమ్మాయి మాట" అన్నాడు కొండలయ్య.

సింధూరి కారు కిటికీ దగ్గరికొచ్చింది. "ఐదొందల కిలోమీటర్లు తిరిగాక తీసుకురండి. చూసి అప్పుడు చెబుతాను."

"కారు సంగతా?"

ఆమె దోపిన కొంగు సర్దుకుంటూ లోపలికెళ్లిపోయింది.

ఇంటి నుంచి గవర్నర్‌పేట ఆఫీసు నాలుగు కిలోమీటర్లు. ఆ లెక్కన రెండు నెలలు పడుతుంది. మణికుమార్ అన్నాళ్లు ఆగలేకపోతున్నాడు. ఎవరూ దిగకపోయినా గన్నవరం ఎయిర్‌పోర్టుకి నాలుగుసార్లు వెళ్లొచ్చాడు. టీ తాగడానికి బందరు వెళ్లాడు. ఇంకా నూట అరవై మిగిలింది. అయిపోయిందని చెప్పేస్తే అయిపోతుంది గానీ, ఇప్పుడు వాడికి నోరు రావట్లేదు.

బాబ్బాబు, మీలో తెలిసినవాళ్లెవరైనా చెప్పండి. ఆమె అడిగింది కారునా, వీణ్ణా? రెండోదే అయితే అన్ని కిలోమీటర్లు దేనికి? మీ ఇంట్లో ఎవరైనా ఏలూరో రేపల్లో వెళ్లాల్సినవాళ్లుంటే కబురు పెట్టండి. వీడు దింపుతాడు.