గోడ గడియారం కింద

పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఆమె చూపు ఫోన్‌ను వదల్లేదు. మూర్ఛ వచ్చే పిల్లల తల్లిదండ్రుల గ్రూపుకు ఆమె కాపలా. వచ్చిన ప్రతి పోస్టూ చదవాలి, దొంగ మందుల ప్రకటనలు ఏరిపారేయాలి, మిగిలినవి లోపలికి వదలాలి. జీతం లేదు, తిట్లకు మాత్రం కొదవ లేదు.

భర్త వచ్చి పొయ్యి కట్టేశాడు. వెంట్రుకంత స్ప్రింగునైనా తొణక్కుండా బిగించే ఆ వాచీల మెకానిక్ పాలగిన్నెను ఠక్కున గట్టు మీద పెట్టాడు. వాళ్ల పాప పోయి రెండేళ్లు. తనతో పెదవి విప్పని మనిషి ముక్కూ మొహం తెలియని వాళ్లతో రోజంతా మాట్లాడుతోందన్నదే అతని పుండు మీద కారం.

"అందరి పిల్లలకీ నువ్వే అమ్మవా? మన పిల్లే లేదు. అదన్నా మానెయ్, నన్నన్నా వదిలెయ్."

"మానలేనండీ."

అతడు ఫోన్ లాక్కున్నాడు. వరుసలో ఎదురుచూస్తున్న పదిహేడు పోస్టులనూ ఒక్క వేటుతో తిరస్కరించాడు.

ఆమె అరవలేదు. "చివరిది ఇప్పుడే వచ్చింది. బాబు ఫిట్స్‌తో కొట్టుకుంటున్నాడు, ఏం చెయ్యాలి అని ఉంది" అంది.

అతడు తెర వైపు చూశాడు; వరుస ఖాళీగా ఉంది. ఫోన్ తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. తొలగించిన వాటిలో వెతికి పట్టుకుని ఆమె గబగబా రాసింది: పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, అంబులెన్సును పిలవండి, నేనున్నాను.

జవాబు లేదు.

రెండేళ్ల కిందట మూర్ఛ వచ్చినప్పుడు వాళ్లిద్దరూ పాప పళ్ల మధ్య చెంచా దూర్చారు. ఎన్ని నిమిషాలైందని డాక్టరు అడిగితే, ఇంటినిండా గడియారాలున్న ఆ ఇద్దరూ తెల్లమొహాలు వేశారు.

"పోస్టు ఎన్నింటికొచ్చింది?" అతడు గోడ గడియారం కింద నిలబడ్డాడు.

"ఏడూ పదకొండుకి."

"మూడు నిమిషాలు." ముల్లు నడిచింది. "నాలుగు."

ఫోన్‌లో జవాబు మోగింది. మూర్ఛ ఆగిందట. బాబు కళ్లు తెరిచాడట. అంబులెన్సు దారిలో ఉందట.

అతడు గోడకు జారగిలబడి నేల మీద కూలబడ్డాడు. "మనకెవరూ చెప్పలేదే" అన్నాడు.

"రోజూ ఎవరో ఒకరు చెంచా పెట్టమని రాస్తారండీ" అంది ఆమె, అతని పక్కనే కూర్చుంటూ. "అది తీసేసిన ప్రతిసారీ, పాప నోట్లోంచి తీసినట్టే ఉంటుంది."

రెండేళ్లుగా విడివిడిగా మోసిన ఏడుపు ఇద్దరికీ ఒక్కసారే వచ్చింది. దుకాణం తెరిచే వేళ దాటిపోయింది.

"ఇంకా పదహారు తీసేశాను కదా" అన్నాడతడు, కళ్లు తుడుచుకుని. "వెతుకుదాం పద. నువ్వు చదువు, నేను వింటాను."