ఒక్కపొద్దు కోడలు

వాకిట్లో చానిపి చల్లి, ముగ్గు వేసి నీలమ్మ లోపలికి వచ్చేసరికి అత్త బుచ్చమ్మ అప్పుడే తలకు పోసుకుని, కొంగుతో జుట్టు విదుల్చుకుంటోంది. కొట్టం దగ్గర నీలమ్మ మొగుడు ఎల్లేశం బండి ఇరుసుకు కందెన రాస్తున్నాడు. మాదాపూర్ ఊరు ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు.

"నీలా, జర జల్ది తానం చెయ్యి బిడ్డా. ఎండెక్కకముందే మణికొండ చేరాలె. మేనమామ ఒళ్ళె కూసుంటెనే మంగలి కత్తి పెడ్తడు," అంది బుచ్చమ్మ.

"చేస్త అత్తమ్మా. గని..."

"గని ఏంది?"

"ఇయ్యాల సోమారం గద. నాకు ఒక్కపొద్దు, అన్నం ముట్టరాదు."

బుచ్చమ్మ చెయ్యి జుట్టులోనే ఆగిపోయింది. ఆమె కూతురు సీతాబాయిని మణికొండలో ఇచ్చారు. నిరుడంతా రజాకార్ల గడబిడ, ఊళ్ళ మీద ఊళ్ళు ఖాళీ అయ్యాయి. దాంతో మనవడికి పుట్టెంటికలు తీయించడం ఆగిపోయి, ఇన్నాళ్ళకు ఇవాళ ముహూర్తం కుదిరింది. మేనమామ, మేనమామ భార్య తొలి బంతిలో కూర్చుని తింటేనే పిల్లవాడికి మంచిదని ఆ ఇంటివాళ్ళ నమ్మకం.

"సీత అత్తగారింట్ల నువ్వు ఒక్కపాలి గూడ ముద్ద ముట్టలే. దసరాకు పోతె శనివారమంటివి. గృహప్రవేశం నాడు ఏకాదశంటివి. ఇయ్యాల ఒక్కనాడు ఇడిసిపెట్టరాదా? దేవుడేమన్న కొడ్తడా?"

"మొక్కు అత్తమ్మా. ఇడువరాదు."

బుచ్చమ్మ విసురుగా జుట్టు ముడివేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అత్త అననిదానికే నీలమ్మకు ఎక్కువ భయం.

నిజానికి నీలమ్మకు ఏ దేవుడితోనూ మొక్కు లేదు. ఆమెకు ఉన్నదల్లా పల్లీలతో వైరం. చిన్నప్పుడు జాతరలో ఎవరో చేతిలో పల్లీపట్టి పెడితే కొరికింది. చూస్తుండగానే పెదవులు ఉబ్బి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు మూసుకుపోయింది. తండ్రి భుజాన వేసుకుని పరుగెత్తాడు. ఎట్లా బతికిందో ఆ దేవుడికే తెలియాలి. ఇంకోసారి ఎవరింట్లోనో చింతకాయ పచ్చడిలో దంచి కలిపిన చారెడు పల్లీలు అదే పని చేశాయి. ఆ తర్వాత తండ్రి చేలో పల్లీ వెయ్యడమే మానేశాడు.

కానీ ఊరి నోరు మూయించడం ఎవరి తరం? మొదటి సంబంధం వచ్చినప్పుడు, 'ఆ పిల్లకు మూర్ఛరోగమట' అని ఎవరో ఊదారు. వాళ్ళు మళ్ళీ గడప తొక్కలేదు. అందుకే ఎల్లేశంతో పెళ్ళి అయినప్పుడు తల్లి సక్కుబాయి కూతురి చెవిలో ఒక్కటే చెప్పింది. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా. రోగం పిల్లను అంటగట్టిన్రని వాపస్ తోలుతరు. ఎవరింటికన్న పోతె ఒక్కపొద్దను. దేవుని పేరు చెప్తే ఎవ్వరు కాదనరు."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లో నీలమ్మ గెలిచింది. కాపురానికి వచ్చిన రెండోనాడే పొయ్యి ముందు కూర్చుంది. అత్త మురిసిపోయింది. అందరికీ పల్లీ పొడి తనే దంచేది, ముక్కుకు కొంగు చుట్టుకుని. చేతులు ఎర్రగా కమిలితే పొయ్యి సెగ అనేది. వండే మనిషి చివర తింటుంది, ఆమె పళ్ళెంలో ఏముందో ఎవరు చూస్తారు? ఇల్లు దాటితేనే గండం. ఎవరి చట్నీలో ఏముందో, ఏ గరిటె ఏ గిన్నెలో మునిగిందో ఎవరిని అడుగుతుంది? అడిగితే ఎందుకంటారు. అందుకే ఏడాదిగా ప్రతి పెళ్ళిలో, ప్రతి పండగలో అందరూ బంతుల్లో కూర్చుంటే ఆమె ఓ గోడవార నిలబడి, నవ్వు మొహం పెట్టుకుని, కడుపు మాడ్చుకునేది. బుచ్చమ్మేమో 'నా కోడలు వట్టి భక్తురాలు' అని ఊరంతా చాటింపు వేసింది. ఆ పొగడ్త విన్నప్పుడల్లా నీలమ్మకు ఇంకాస్త ఒంటరిగా అనిపించేది. పక్కన పడుకునే మొగుడికి కూడా తెలియని సంగతి మోసుకుని తిరగడం ఏం బతుకు?

బండి గుట్టల మధ్య నుంచి మణికొండ చేరేసరికి సీతాబాయి ఇల్లు చుట్టాలతో కిటకిటలాడుతోంది. ఎల్లేశం ఒళ్ళో పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తుండగా పుట్టెంటికలు తీశారు. తర్వాత విస్తళ్ళు పరిచారు. నీలమ్మ అలవాటు ప్రకారం పెరట్లోకి జారుకుని బావి పక్కన నిలబడింది. వంటింట్లోంచి వేయించిన పల్లీల వాసన వస్తోంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. లోపల నవ్వులు, 'ఇంక జర ఏసుకో' అనే మాటలు, పిల్లల కేకలు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదేమో, కళ్ళు తిరుగుతున్నాయి. ఆ బావిలో తన నీడ తప్ప ఆమెకు తోడు లేదు.

"నీలమ్మా, ఇటు రా."

సీతాబాయి గొంతు. ఆమె ఎల్లేశానికి అక్క, మాటలో పదును ఎక్కువ, మనసులో తడీ ఎక్కువే. వంటింటి ముందు ఆడవాళ్ళంతా పోగయ్యారు. మధ్యలో పీట, పీట ముందు ఇత్తడి పళ్ళెం.

"ఇయ్యాల సోమారమని చెప్తవని నాకు ముందే ఎరుక," అంది సీతాబాయి. "అందుకే తెల్లారంగ లేసి, తానం చేసి, మడితోని నీ కోసమే చేసిన. ఇది అన్నం గాదు, ఫలహారమే. ఒక్కపొద్దున్నోళ్ళు తినేదే. కూసో."

పళ్ళెంలో పల్లీలు, బెల్లం దంచి కట్టిన ముద్దలు ఉన్నాయి. నెయ్యి మెరుస్తోంది. ఏ దేవుడిని అడ్డం పెట్టుకుందో ఆ దేవుడి పేరు మీదే పల్లీలు వచ్చి ఎదురుగా కూర్చున్నాయి. నీలమ్మకు ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"తిను బిడ్డా," అంది బుచ్చమ్మ సంతోషంగా. "ఆడిబిడ్డ ఎంత ప్రేమగ, పావురంగ చేసిందో చూడు."

"వద్దు వదినె. పాలుంటె జర..."

"పాలు బర్రె ఇస్తది. ఇది నా చేతి వంట." సీతాబాయి మొహం ముడుచుకుంది. "అంటె ఒక్కపొద్దు గాదు. మా ఇల్లే నీకు పడదు. నా కొడుకు పుట్టెంటికల నాడు మేనమామ పెండ్లాం నోరు కట్టుకుని పోతె, మంది ఏమనుకుంటరు? మేమేమన్న తక్కువోళ్ళమా?"

"అట్ల గాదు వదినె." నీలమ్మ పళ్ళెం నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది. ఇన్నాళ్ళు పళ్ళ బిగువున ఆపుకున్న మాట బయటికి వచ్చేసింది. "నాకు పల్లీలు పడవు. తింటె గొంతు మూసుకపోతది. పానం పోతది."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"పొద్దుగాల ఒక్కపొద్దు, గిప్పుడు పల్లీలు పడవు. ఇంక జరసేపటికి ఏం జెప్తవు?" అంది సీతాబాయి. "ఏడాదిల ఎవ్వరికి చెప్పని రోగం ఇయ్యాలనే పుట్టిందా?"

బుచ్చమ్మ కోడలి ఎదుటికి వచ్చింది. "నా దిక్కు చూడు. మొక్కు నిజమా, అబద్ధమా?"

"అబద్ధం అత్తమ్మా."

"ఎన్నడన్న నిజంగ ఒక్కపొద్దు ఉన్నవా?"

"ఒక్కనాడు గూడ లేను."

బుచ్చమ్మ మొహం నల్లబడింది. ఏ నోటితో కోడలి భక్తిని ఊరంతా పొగిడిందో ఆ నోరు ఎండిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అబద్ధం బయటపడ్డ చోట నిజానికి కూర్చునే పీట దొరకదు.

"అయితె తిను," అంది బుచ్చమ్మ చాలా మెల్లగా. "ఇంతమందిల నా మొకం నిలవెట్టు. తినకపోతివా, బండి మాదాపూర్‌కు పోదు, మీ అమ్మగారింటికే పోతది."

నీలమ్మ చుట్టూ చూసింది. ఇంతమందిలో ఒక్కరైనా తన వైపు లేరు. వాపస్ వెళితే తల్లి గుండె పగులుతుంది. ఉన్నా, మళ్ళీ గోడవారే నిలబడాలి, ఈసారి అబద్ధాలకోరు అనిపించుకుని. ఎంతకాలమని? విసుగొచ్చింది ఆమెకు, భయం కంటే పెద్ద విసుగు. పీట మీద కూర్చుని ఒక ముద్ద చేతిలోకి తీసుకుంది. అప్పుడే వేళ్ళ మధ్య దురద మొదలైంది.

"అత్తమ్మా," అంది. "నాకేమన్న అయితె మా అమ్మకు జర నిమ్మళంగ చెప్పున్రి. అయ్య పోయినంక ఒక్కతే ఉంటది. వదినె మీద మాట రానియ్యకున్రి. ఆమె పావురంగనే పెట్టింది."

ముద్ద పెదవి దాకా వచ్చింది. బుచ్చమ్మ ఒక్క ఊపున ఆ చేతిని కొట్టింది. ముద్ద ఎగిరి గోడకు తగిలి పొడి పొడిగా రాలింది.

"పొగరున్న పిల్ల గిట్ల మాట్లాడదు," అంది బుచ్చమ్మ. "ఓ సీతా, ఇది నిజమే చెప్తుందే. సచ్చిపోత అనుకుంటనే తింటుందే." కోడలి చేతులు పట్టుకుని కొంగుతో తుడిచింది, మళ్ళీ తుడిచింది. ఆ చేతుల మీద దద్దుర్లు లేస్తున్నాయి. "ఏడాది సంది నా ఇంట్ల ఎట్ల బతికినవే నువ్వు? నీతోని దంపిచ్చిన గదే పల్లీలు."

గొడవ విని ఎల్లేశం లోపలికి వచ్చాడు. సంగతి తెలిసి నిలువునా నీరైపోయాడు. "నాకన్న చెప్పకపోతివి?" అన్నాడు.

"చెప్తె తోలిస్తవనుకున్న," అంది నీలమ్మ.

తోలెయ్యనని గట్టిగా చెప్పడానికి అతనికి ధైర్యం చాల్లేదో, కొత్తలో తెలిసి ఉంటే ఏం చేసేవాడో తనకే తెలియదో గాని, తల వంచుకుని పళ్ళెం తీసుకుని దూరంగా పెట్టివచ్చాడు. తర్వాత బావిలో నీళ్ళు చేది, ఆమె చేతుల మీద పోస్తూ కూర్చున్నాడు.

సీతాబాయి గోడ కింద రాలిన పొడిని చూస్తూ నిలబడింది. "నా చేత్తోనే పెడ్తుంటి గదనే," అంది చివరికి, ఎవరితోనో అన్నట్టు. బూడిద తీసుకుని మోచేతుల దాకా రుద్ది కడుక్కుంది. చీర మార్చుకుంది. అటక మీద నుంచి కొత్త కుండ దింపింది.

"ఇగ నువ్వు గడపల నిలవడి చెప్పు. నేను చేస్త. ఏది ముట్టాలె, ఏది ముట్టొద్దు?"

"ఆ రోలొద్దు వదినె, దాంట్ల పల్లీలు దంచిన్రు. ఆ గరిటె గూడ వద్దు."

"నూనె?"

"నూనె లేకుండనే చెయ్యి. ఉప్పు, మిరపకాయ చాలు."

ఇంత చెప్పడం, ఒకరింట్లో నిలబడి తనకేం కావాలో చెప్పడం నీలమ్మకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. అన్నం ఉడికింది. పెసరపప్పు ఉడికింది. ఇంటామె కాబట్టి సీతాబాయి ఇంకా ముద్ద ముట్టలేదు. రెండు విస్తళ్ళు పక్కపక్కనే వేసి, తన విస్తరిలోనూ అదే వడ్డించుకుంది. బంతులన్నీ లేచి చుట్టాలు అరుగుల మీదికి చేరారు. బుచ్చమ్మ విసనకర్ర పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

నీలమ్మ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. మింగబోయి ఆగిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి.

"ఏమయింది?" సీతాబాయి కంగారుగా లేచింది. "గొంతు పట్టిందా? ఏమన్న తగిలిందా?"

నీలమ్మ తల అడ్డంగా ఊపింది. ముద్ద మింగింది. తర్వాత ఇంకొకటి. విస్తరి ఖాళీ అవుతున్నకొద్దీ ఇద్దరూ ఆమెనే చూస్తున్నారు, ఊపిరి బిగబట్టి. ఏమీ కాలేదు. ఆమె ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకుని విస్తరి కాస్త ముందుకు జరిపింది.

"ఆకలైతుంది వదినె," అంది. "ఇంక జర పెట్టు."