రూబీ డెమో పాట

బడి నుంచి వచ్చి రూబీ బ్యాగు పడేసిందో లేదో, నెలరోజులుగా మంచాన ఉన్న నాయనమ్మ జయమణి పిలిచింది. "ఏదీ, కొంచెం కీబోర్డు వాయించమ్మా."

రూబీ నేర్చుకుంటేగా వాయించడానికి!

అసలు కొనేటప్పుడే వచ్చింది తంటా. కొత్తవాళ్ళకి పెద్ద కీస్ ఉన్న మామూలుది చాలని నందిగామలో నేర్పే డేవిడ్‌రాజు మాస్టారు చెప్పారు. రూబీ వింటేనా! డెమో బటన్ నొక్కగానే దానంతటదే పాట మోగేది కావాలని మొండికేసింది. నాయనమ్మ ముచ్చటపడి అదే కొనిపెట్టింది. తీరా క్లాసుకు వెళ్తే ప్రతిసారీ అవే సరిగమలు. రూబీకి వారంలోనే విసుగు పుట్టింది.

అందుకే ఇప్పుడు డెమో నొక్కి, కీస్ మీద వేళ్ళు ఊరికే ఆడించింది. చూపు ఆనని నాయనమ్మ అంతా విని మురిసిపోయింది. చూడవచ్చిన వాళ్ళందరికీ మనవరాలి గొప్ప చెప్పుకుంది.

"ఆదివారం నా పాట వాయించవే. కలుపు తీసేటప్పుడు పాడేదాన్నే, అది" అని అడిగింది. నిజం రూబీ నోటిదాకా వచ్చింది. కానీ ఆ సంబరం చూసి మింగేసింది. సరేనంది.

శుక్రవారం నాయనమ్మకు ఆయాసం ఎక్కువైంది. విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆ అబద్ధాన్ని నమ్మే వెళ్ళిపోయింది. పాపం రూబీ, ఇక ఎవరికి చెప్పుకుంటుంది?

నాయనమ్మ పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక ప్రార్థన రోజు జగ్గయ్యపేటలోని వాళ్ళ ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. ప్రార్థన అయ్యాక బాబాయి బాలస్వామి కీబోర్డు తెచ్చి రూబీ ముందు పెట్టాడు. తన తల్లి అంతగా మెచ్చుకున్న పాట ఒక్కసారి వాయించమన్నాడు.

రూబీ వేలు డెమో బటన్ దాకా వెళ్ళింది. నొక్కితే చాలు, అందరూ భేష్ అంటారు.

వేలు వెనక్కి తీసుకుంది.

"అది నేను వాయించలా బాబాయ్. దానంతటదే మోగింది. నాయనమ్మకి అబద్ధం చెప్పా" అంది.

రూబీ అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

రూబీ ఒక్క వేలితో నాయనమ్మ కలుపు పాటను వెతకసాగింది. మూడో స్వరం దగ్గరే తప్పింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి అయిదో స్వరం తప్పింది. వినాలని అడిగిన మనిషి లేదు. అయినా రూబీ ఆపలేదు, మళ్ళీ మొదటి స్వరం మీద వేలు పెట్టింది.