మూడో గదిలో పడే నీడ

ఆ స్టూడియోలో మూడో ఎడిటింగ్ గది పేరెత్తితే చాలు, టీ తాగుతున్నవాళ్ళు కూడా మాట మార్చేస్తారట. మిగతా గదుల్లో ఏ వీడియో చేసినా శుభ్రంగా వస్తుంది. మూడో గదిలో చేసినదాంట్లో మాత్రం... ఫ్రేము అంచున, మసకగా, ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది.

ఎడిటింగ్ చేస్తున్నంతసేపూ ఆమె కనిపించదు. వెనక్కీ ముందుకీ ఎన్నిసార్లు తిప్పినా జాడ ఉండదు. పనంతా అయ్యాక రెండర్ చేసి, అంటే పూర్తి క్వాలిటీలో ఒక్క ఫైలుగా బయటికి తీసి, అది తెరిచాకే — అదిగో.

ఆ గదిలో పనిచేసే అమ్మాయి పొట్టిగా ఉంటుందని అందరూ బుడ్డమ్మ అంటారు. వాళ్ళమ్మ పోయాక ఈ పనిలో పెట్టి, దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది మేనమామే. ఇరవై ఏళ్ళు ఆ కుర్చీ ఆయనదే. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక ఓనరుగారు ఆయన్ని ఇంటికి పంపి, కుర్చీ ఆమెకిచ్చాడు. మావయ్య పల్లెత్తు మాట అనలేదు. నీడ పడినప్పుడల్లా పిలిస్తే వచ్చేవాడు. అందరినీ బయటికి పంపి, తలుపేసుకుని పది నిమిషాలు కూర్చునేవాడు. తర్వాత వీడియో కడిగిన ముత్యంలా వచ్చేది. భూతవైద్యుడొచ్చాడురా అని కుర్రకారు నవ్వుకునేవాళ్ళు.

ఈసారి నవ్వే పరిస్థితి లేదు. ఒక కాలేజీ యాభయ్యేళ్ళ వేడుక వీడియో, నీడ ఉందని రెండుసార్లు తిరిగొచ్చింది. మావయ్యని పిలవకుండా తనే బాగుచేస్తానని బుడ్డమ్మ పంతం పట్టింది మరి. "పొద్దున కూడా ఆ నీడ ఉంటే నువ్వు రానక్కర్లేదు" అని ఓనరుగారు మొహం మీదే చెప్పేశాడు.

రాత్రి పదకొండైంది. పాత రెండర్ ఫైళ్ళన్నీ తుడిచేసింది. తను వేసిన ఎఫెక్టులు ఒక్కొక్కటే ఆపి చూసింది. బిట్‌రేట్ పెంచింది, గ్రాఫిక్స్ కార్డు వాడకుండా నడిపించింది. ప్రతి వీడియోకీ రంగులు సరిచేయడానికి మావయ్య చేసిచ్చిన కలర్ టెంప్లేట్ ఒక్కదాని జోలికి పోలేదు, అది ఆయన చేతి పని కదా.

మళ్ళీ రెండర్. మళ్ళీ ఫైలు తెరిచింది... ఆడమనిషి అక్కడే ఉంది.

బుడ్డమ్మ పంతం వదిలేసి ఫోన్ చేసింది.

"వస్తున్నా," అన్నాడు మావయ్య, గొంతు తగ్గించి. "నువ్వు ఇంటికెళ్ళిపో తల్లీ. గదిలో ఎవరూ ఉండకూడదు."

వెళ్దామనే లేచింది. కానీ ముసలాయన్ని ఆ గదిలో ఒంటరిగా వదలడానికి కాళ్ళు రాలేదు. పక్కనే డబ్బింగ్ గది ఉంది, మధ్యలో పెద్ద అద్దాల కిటికీ, అందులోంచి చూస్తే ఎడిటింగ్ తెర కనిపిస్తుంది. లైటార్పేసి ఆ గదిలో కూర్చుంది.

ఆయన వచ్చాడు. తలుపేశాడు. మంత్రం లేదు, వెతుకులాట లేదు. మౌస్ తిన్నగా కలర్ టెంప్లేట్ మీదికి వెళ్ళింది. దాన్ని విప్పితే లోపల ఇంకో లేయర్, వీడియో మీద పరిచే బొమ్మ పొర, దాక్కుని ఉంది. దాని పక్కన ఒక టిక్ — ఎడిటింగ్‌లో కనిపించే ప్రివ్యూలో వద్దు, ఫైనల్ రెండర్‌లోనే రావాలి, అని.

బుడ్డమ్మ అద్దం దగ్గరికి జరిగింది.

టిక్ తీయబోయి ఆగాడు. లేయర్‌ని తెరమీదికి రప్పించి, మసక ఎఫెక్టు ఆపేశాడు. ఆడమనిషి మొహం తేటగా కనిపించింది. పక్కకి తిరిగి, కొంచెం నవ్వుతూ...

అమ్మ.

ఫ్రేము కట్టిస్తానని మావయ్య తీసుకెళ్ళి, ఎక్కడో పోయిందని చెప్పిన ఫోటో అది. ఆ రోజు ఆయన్ని ఓదార్చింది తనే. 

ఆయన చాలాసేపు చెల్లెలి మొహమే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు.

చీకట్లో బుడ్డమ్మ చేతిలో ఫోన్ వెలిగింది.

మావయ్య తలెత్తాడు. అద్దంలో, నల్లటి చీకటి మధ్య, ఒక మొహం ఆయన్నే చూస్తోంది. కుర్చీ వెనక్కి జరిగింది. 

బుడ్డమ్మ ఫోన్ ఎత్తింది.

"నేనే మావయ్యా."

ఫోన్లో ఆయన గొంతు వినిపించింది. "అది లేకపోతే... నన్నెవరు పిలుస్తారమ్మా?"

"నేను పిలిచేదాన్ని," అంది.  "టిక్ తీయకు. పొద్దున ఓనరుగారు వచ్చేదాకా ఇక్కడే కూర్చుందాం. మా అమ్మని ఆయనకి నువ్వే చూపిద్దువుగాని."