ఏడో బోరులో పట్టు

చీకటిపడ్డాక ఏడో నంబరు బోరు దగ్గరికి ఎవరూ వెళ్లేవాళ్లు కాదట. కొండవాలు మీద, కొత్త గని నోరు తవ్వబోయే చోటికి సరిగ్గా పైన ఉందది. అరచెయ్యంత వెడల్పు పైపు, దానికో ఇనుప మూత, అంతే. కానీ మూత తీసి టేపు దింపితే, పదకొండు మీటర్ల దగ్గర లోపలి నుంచి ఎవరో పట్టుకుంటారని పేరు.

ఆ టేపు దింపడమే గని క్యాంపులో కొత్తగా చేరిన ఆమె ఉద్యోగం. కొండలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచి పుస్తకంలో రాయాలి; ఆ అంకెను బట్టే తవ్వకానికి అనుమతి. టేపు కొస నీళ్లకు తగిలితే చేతిలోని చక్రం కీచుమంటుంది. పగలంతా క్యాంపు మోటార్లు నీళ్లు తోడేస్తుంటాయి కాబట్టి, అవి ఆగి నాలుగు గంటలయ్యాక... అంటే నడిరాత్రే కొలవాలి. క్యాంపులో అందరూ ఆమెను టేపమ్మ అనేవాళ్లు.

చేరి నెలయింది. మొదటి రాత్రే ఏడో బోరులో టేపు పదకొండు దగ్గర ఆగిపోయింది. ఎంత ఊపినా దిగలేదు. ఆమె టేపు లాక్కుని ఒకటే పరుగు! మరి పుస్తకంలో ఏం రాయాలి? అంతకుముందు పనిచేసినాయన ఆర్నెల్లుగా ఒకే అంకె వేశాడు — పద్దెనిమిది మీటర్లు. ఆమె కూడా అదే వేసింది. మర్నాడూ అదే. మళ్లీ ఆ మూత ముట్టుకుంటే ఒట్టు.

రేపు తెల్లారి ఆరింటికి తవ్వకం మొదలు. మొదటి షిఫ్టు పన్నెండు మంది వాలు కింది రేకుల షెడ్డులో పడుకున్నారు. వాళ్ల మేస్త్రీ ఆమె సొంత అన్న. భోజనాల దగ్గర, "మీ దెయ్యాన్ని అడిగానని చెప్పవే" అని ఆటపట్టించాడు. ఆమె కంచం పక్కకు నెట్టి పుస్తకం తెరిచింది. వారం రోజులుగా కుండపోత వాన, నీళ్లు పైకొచ్చే ఉండాలి... పుస్తకంలో మాత్రం పద్దెనిమిదే.

ఇక ఉండబట్టలేక లేచింది. గేటు దగ్గర కాపలా తాత ఆపాడు.

"ఏడో దాని దగ్గరికా? వద్దమ్మా... మొన్న రాత్రి అది మూలుగుతుంటే ఈ చెవులతో విన్నాను."

"వెళ్లాలి తాతా."

మూత తీసింది. లోపల నిజంగానే మూలుగు. కళ్లు మూసుకుని టేపు వదిలింది. ఒకటి... రెండు... మూడు... నాలుగు —

కీచ్!

నాలుగు మీటర్లకే నీళ్లు! కొండ నిండు కడవలా ఉంది. ఇంకా దింపింది. పదకొండు... ఆగింది.

"వదులు," అని గొణిగింది. లాగితే మెల్లగా పైకొచ్చింది.

ఇరవై అడుగులు కింద ఎనిమిదో బోరు. పాపం, దానికి ఏ చెడ్డపేరూ లేదు; ఏడోదాని పక్కనే ఉందని దాన్నీ ఎవరూ కొలవలేదు. అక్కడా దింపింది. ఆరు మీటర్ల దగ్గర ఆగిపోయింది. లాగింది... రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది.

అటువైపు నుంచి కూడా లాగారు. బెత్తెడు టేపు ఆమె వేళ్లలోంచి జారి లోపలికెళ్లింది.

చేతిలోని టార్చి అటు తిప్పింది. ఆ వెలుగులో కనిపించింది — పైపు పక్కన నేలలో వేలు దూరేంత బీట. పైన పదకొండు, ఇక్కడ ఆరు. ఆ రెంటినీ కలిపి గీత గీస్తే, అది తిన్నగా షెడ్డు వెనక తేలుతుంది. ఆ గీత వెంట కొండ పైపొర జారుతోంది. పైపుల్ని వంచి మూలిగిస్తూ, టేపును నొక్కిపడుతోంది. ఆర్నెల్లుగా ఆ సంగతి అక్కడే ఉంది. భయపడి ఎవరూ రాయలేదు, ఆమెతో సహా.

టేపు పుటుక్కున తెగింది.

చక్రం చేత్తో పట్టుకునే షెడ్డులోకి పరిగెత్తింది. "అన్నయ్యా, లే! వాలు జారుతోంది!"

అతను కళ్లు నులుముకున్నాడు. "నీళ్లు పద్దెనిమిది దగ్గరున్నాయని నువ్వేగా రాశావు?"

"అబద్ధం రాశాను." ఏడుపు తన్నుకొచ్చింది. "భయమేసి కొలవలేదన్నయ్యా... నీళ్లు నాలుగు మీటర్లకే వచ్చేశాయి."

పుట్టి బుద్ధెరిగాక చెల్లెలు తప్పు ఒప్పుకోవడం అతను చూడలేదు. అందుకే నమ్మాడు. మంచాలు తన్ని మరీ లేపాడు.

పన్నెండు మందీ గేటు దగ్గరికి చేరారో లేదో, వాలు కదిలింది. పెద్ద చప్పుడేమీ లేదు... బస్తా మూతి విప్పి ధాన్యం ఒంపినట్టు. చూస్తుండగానే షెడ్డు కనిపించకుండా పోయింది.

"చూశావా, దాని పనే..." అన్నాడు తాత.

"దెయ్యమూ లేదు, ఏమీ లేదు తాతా. కొండ జారి పైపు వంగింది, అంతే." నెల రోజుల తర్వాత ఆమెకు తేలిగ్గా ఊపిరాడింది. చక్రాన్ని, తెగిన టేపు కొసను కొంగుతో శుభ్రంగా తుడిచి గుప్పిట్లో పట్టుకుంది.

చక్రం కీచుమంది.

గుప్పిట విప్పి చూసింది. కొస పొడిగా ఉంది... ఎక్కడా చుక్క తడి లేదు. మళ్లీ కీచుమంది. ఈసారి ఆగలేదు.

అన్న ఎందుకని అడగలేదు. "రోడ్డు అవతలికి నడవండి," అన్నాడు గుసగుసగా. "ఉన్నపళంగా."

తెల్లారాక చూస్తే ఆ గేటూ లేదు, వాళ్లు నిలబడ్డ నేలా లేదు.